మైకేల్ జాక్సన్ గొప్పోడా, తిక్కలోడా? మా అరండల్‌పేట జాక్సన్ సంగతి కూడా వినండి

"ఒకపక్క కింగ్ ఆఫ్ పాప్ అంటారు, ఇంకోపక్క వాకో జాకో అని ఎగతాళి చేస్తారు, పైగా ఆ కేసులు. అసలు మైకేల్ జాక్సన్ ఎలాంటి మనిషి?" అని అడిగారు. టీవీలో తప్ప ఆయన్ని చూడని గుంటూరు వాణ్ణి, ఎలాంటి మనిషో నేనేం చెప్తాను. మనిషికి పేర్లు ఎలా అంటుకుంటాయో మాత్రం కొంచెం తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనే ఒక జాక్సన్ ఉన్నాడు.

మా పెద్దమ్మ కొడుకు. 1990ల మొదట్లో మా అరండల్‌పేటలో చవితి పందిరి వేశారంటే రాత్రికి అన్నయ్య స్టెప్పులు ఉండాల్సిందే. ఇంట్లో ఎర్ర గచ్చు మీద పౌడరు చల్లి, స్కూలు సాక్సులు తొడుక్కుని మూన్‌వాక్ ప్రాక్టీసు చేసేవాడు. కిటుకు ఏంటంటే, మడమ లేపిన కాలి మునివేళ్ళ మీద బరువంతా మోపి, నేలకి ఆనిన రెండో పాదాన్ని వెనక్కి జార్చాలి, జారినాక దాని మడమ లేపుతూ ఇటు మడమ దించాలి, బరువు ఏ కాలి మీదుందో చూసేవాడికి దొరక్కూడదు. నేను ఎన్నిసార్లు చేసినా ఎలకని తొక్కినట్టే వచ్చేది. పెద్దమ్మ మాత్రం "పౌడరు డబ్బా పది రోజులు రావట్లేదు, ముందుకి నడవడం చేతకాదు గానీ వెనక్కి నడుస్తాడంట" అని సణిగేది. వీధిలో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, పోస్టుమ్యాన్ కూడా జాక్సన్ ఇల్లు ఏదని అడిగేవాడు.

అసలాయన ఆ నడక 1983 మేలో ఒక టీవీ కార్యక్రమంలో చూపించాడు. ఆయన కనిపెట్టింది కాదు, 1955లోనే బిల్ బెయిలీ అనే ట్యాప్ డ్యాన్సర్ చేసిన ఫిల్ము ఉంది. కానీ ఆయన చేశాకే లోకానికి కనపడింది. అప్పటికే థ్రిల్లర్ ఆల్బం 1982 నవంబరులో వచ్చి ఊపేస్తోంది, 1984లో ఒక్క రాత్రి 8 గ్రామీ సంగీత అవార్డులు పట్టుకెళ్ళాడు. మనవాళ్ళకి అదంతా 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి గోలీమార్ పాటగా వచ్చి చేరింది లెండి.

ఇక బిరుదులు. 1989లో ఒక అవార్డుల వేదిక మీద హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ ఆయన్ని పాప్, రాక్, సోల్ మూడింటికీ రాజు అని పరిచయం చేసింది. తర్వాత ఆయన తరఫు మనుషులే దాన్ని పట్టుకుని, టీవీల్లో కింగ్ ఆఫ్ పాప్ అనే పిలవాలని ఒత్తిడి చేశారంటారు. టైటిల్ కార్డుల్లోంచి స్టార్లు పుట్టే చోట ఉన్నాం, మనకి ఇందులో వింతేముంది.

వాకో జాకో అంటే మన భాషలో తిక్క జాకో. బ్రిటన్ చిల్లర పత్రికలు 1980లలో తగిలించిన పేరు. ఇందులో ఆయన చేజేతులా చేసుకున్నదీ కొంత ఉంది. 1986లో ఆక్సిజన్ పెట్టెలో పడుకున్న ఫొటో పత్రికల కెక్కింది, నూటయాభై ఏళ్ళు బతకడానికి అందులో నిద్రపోతాడని కథ. అది ఆయన వైపు నుంచే వెళ్ళిందని తర్వాత చాలామంది రాశారు. సరదాకి వదిలిన పులి, తిరిగి ఇంటికే వచ్చింది. 2002లో బెర్లిన్‌లో హోటల్ బాల్కనీలోంచి పసిబిడ్డని బయటికి వేలాడదీసి చూపించినప్పుడు ఇంక ఎవరూ వేరే పేరు వెతకలేదు.

కానీ రంగు విషయం వేరు, అక్కడే నాకు కాలుద్ది. మా పెద్దమ్మకి బొల్లి. వేళ్ళ చివర మొదలై మోచేతులదాకా పాకింది, తర్వాత పెదవుల చుట్టూ. ఆ మచ్చల్లో రంగు ఉండదు గనక ఎండ పడితే కమిలిపోద్ది, అందుకని పొడుగు చేతుల జాకెట్టు, రేషన్ షాపుకైనా గొడుగు. గొడుగు లోపల పాత పంచె ముక్క తనే కుట్టుకుంది. వీధి పిల్లలు "జాక్సన్‌ వాళ్ళమ్మ కూడా ఆపరేషన్ చేయించుకుంటోంది రోయ్" అనేవాళ్ళు. అన్నయ్య ఒకడి చొక్కా చింపి వచ్చాడు. తమాషా ఏంటంటే, జాక్సన్ డబ్బు పోసి తెల్లతోలు వేయించుకున్నాడని వాడూ నమ్మాడు. నేనూ నమ్మాను. 1993 ఫిబ్రవరిలో అమెరికా టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రీ ముందు కూర్చుని ఇది చర్మవ్యాధి అని ఆయనే చెప్పినా సాకు అన్నారు. ముక్కుకి ఆపరేషన్లు నిజమే, తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. రంగు మాత్రం జబ్బు. మచ్చలు ఒళ్ళంతా పాకినవాళ్ళకి మిగిలిన రంగు కూడా క్రీముతో తీసేసి ఒకేలా చేసే వైద్యం ఉంది. బొల్లి అంటువ్యాధి కాదు, ఒంట్లో రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల్ని తినేస్తుంది. ఇది డాక్టరు గారు మా ఇంటికొచ్చి చెప్పినా, అన్నయ్యకి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు నిశ్చితార్థం ముందురోజు కబురు పంపి తప్పుకున్నారు.

కేసుల గురించి కూడా అడిగారు కాబట్టి. 1993లో ఒక పిల్లవాణ్ణి పాడుచేశాడని వాడి తరఫున ఆరోపణ వచ్చింది, 1994లో కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోలేదు. ఇంకో కేసులో 2005 జూన్ 13న జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2019లో ఇద్దరు మగవాళ్ళు చిన్నప్పుడు మమ్మల్ని పాడుచేశాడని డాక్యుమెంటరీలో చెప్పారు, కుటుంబం కాదంటోంది. పరాయి పిల్లలతో ఒకే మంచం మీద పడుకోవడంలో తప్పేముందని 2003లో ఆయనే టీవీలో అన్నాడు, దాన్ని నేను ఏ రకంగానూ వెనకేసుకురాలేను, నాకూ ఇద్దరు పిల్లలు. రంగు గురించి జనం అబద్ధమాడారు గనక ఈ ఆరోపణలూ అబద్ధమే అనేవాళ్ళతో నాకు కుదరదు. పాటలు వింటాను, అన్నయ్యతో ఈ మాటెత్తితే గొడవే.

2009 జూన్‌లో పోయాడు, మరుసటి ఏడాది పోస్ట్‌మార్టం రిపోర్టు బయటికొచ్చింది, బొల్లి ఉందని అందులో రాసి ఉంది. పెద్దమ్మ వరండాలో మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే చదివి వినిపించాను. కోర్టుకి వస్తుంటే ఎవరో తలమీద నల్ల గొడుగు పట్టిన ఆయన ఫొటో ఒకటి నెట్‌లో తీసి చూపించాను. చేతులు కొంగుకి తుడుచుకుని చాలాసేపు చూసింది.

"నల్లగుడ్డ ఎండ లాక్కుంటదిరా. లోపల తెల్లగుడ్డేసి కుట్టమని చెప్పేవాళ్ళే లేరా ఆయనకి?"