నాకే ఏం కాలేదు, వాడికేమవుతుంది?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి, మక్క వేస్తాం. మా పెద్దోడికి పదహారేళ్లు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు బ్యాగు ఉతుకుదామని తీస్తే మా ఇంటామెకు గోలీల షీటు దొరికింది. పదింటిలో రెండు లేవు. రూమ్మేట్ ఇచ్చాడని, వేసుకుంటే నిద్ర రాదని, చదివింది బుర్రకెక్కుతుందని అన్నాడు. ఆ పిల్లాడికి చిన్నప్పటి నుంచి డాక్టరే రాసిస్తున్నాడట. నిజం చెప్తున్నా, ఏముందో చూద్దామని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయిన రాత్రి నేనూ ఒకటి వేసుకున్నా. తెల్లవార్లూ బస్తాల దగ్గర హుషారుగా కూర్చున్నా. తెల్లారి అంతా మామూలే. నాకు నలభై ఆరు, బీపీ కూడా ఉంది. నాకే ఏం కానిది వయసు పిల్లాడికి ఏమవుతుంది? గోలీ పేరు కింద రాశాను.
- ఒక రైతు

జవాబు: తమ్ముడూ, ముందు మీ సంగతి. బీపీ ఉన్న మనిషి, గుండె వేగాన్నీ బీపీనీ పెంచే గోలీని ఎవరినీ అడగకుండా మింగారు. ఆ రాత్రి ఏమీ కాకపోవడం మీ అదృష్టం. మళ్లీ ఆ పని చేయకండి.

మీరు రాసిన పేరు మిథైల్‌ఫెనిడేట్. చెడ్డ మందేం కాదు. ఏడీహెచ్‌డీ ఉండి, ఒక్కచోట కుదురుగా కూర్చోలేక, ఏ పని మీదా మనసు నిలవక నిజంగా ఇబ్బందిపడే పిల్లలకు మేమే రాస్తాం. రాసి ఊరుకోం. బరువు, ఆకలి, నిద్ర, బీపీ చూసుకుంటూ మోతాదు సరిచేస్తాం. ఆ రూమ్మేట్‌కు ఈ లెక్క ఎవరో చూస్తున్నారు. మీవాడికి ఎవరూ చూడలేదు.

ఇక మీరడిగింది. మెదడులోని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని బయటికి వదిలి, పని కాగానే మళ్లీ లోపలికి లాక్కుంటాయి. ఈ మందు ఆ లాక్కునే దారిని మూసేస్తుంది. బయట డోపమైన్ ఎక్కువసేపు ఉంటుంది, మనిషికి మెలకువ, హుషారు. ఇంతవరకు మీకూ మీవాడికీ ఒకటే. కానీ కాపు మీదున్న మిరప చెట్టుకు కొట్టే మందు అదే పాళ్లలో నారుమడికి కొడతారా? మీవాడి మెదడు ఇంకా నారుమడే.

పదహారేళ్లకు మెదడు సైజు పెరగడం దాదాపు అయిపోతుంది, లోపలి పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. మక్క ఒత్తుగా మొలిస్తే కొన్ని పీకి మిగతావాటిని బలపడనిస్తారు కదా, అలాగే కణాల మధ్య ఒత్తుగా ఏర్పడిన కనెక్షన్లలో వాడనివి పోయి వాడేవి గట్టిపడతాయి. ఈ పని తల వెనక నుంచి ముందుకు సాగుతుంది. నుదుటి వెనక ఉండే భాగం, అంటే 'ఆగు, ముందూ వెనకా చూసుకో' అని చెప్పే భాగం, అన్నింటికంటే ఆఖరున, పాతికేళ్లు వచ్చేదాకా కుదురుకుంటూ ఉంటుంది. ఆ భాగానికి డోపమైన్ తక్కువైనా పని సాగదు, ఎక్కువైనా సాగదు.

ఎలుకల మీద చేసి 2012లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. పెద్ద ఎలుకలకు ఈ మందిస్తే నుదుటి వెనకుండే ఆ భాగంలోని కణాలు చురుకయ్యాయి. పిల్ల ఎలుకల్లో అంతకన్నా తక్కువ మోతాదుకే అవే కణాలు మందగించాయి. ఎలుకలే కదా అంటారేమో. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2016లో మనుషుల సంగతి ప్రచురించారు. ఏడీహెచ్‌డీ ఉన్న 10-12 ఏళ్ల మగపిల్లలకు, 23-40 ఏళ్ల మగవాళ్లకు 16 వారాలు ఇదే మందిచ్చి, ఆపాక స్కాన్ చేశారు. పిల్లల మెదడు ఆ మందుకు స్పందించే తీరు మారింది, పెద్దవాళ్లలో మారలేదు. ఆ మార్పు మంచికా చెడుకా అన్నది వాళ్లు తేల్చలేదు. అందుకే మేం అవసరమున్న పిల్లలకు కూడా ఆచితూచి రాస్తాం.

బుర్రకెక్కడం మాట. పోయిన ఏడాది పరీక్షల ముందు ఒకబ్బాయిని తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. ఇలాగే స్నేహితుడి గోలీలు. పళ్లు కొరుకుతూ, కాలు ఊపుతూ కూర్చున్నాడు. ఫిజిక్స్ పుస్తకం తీసి చూపించాడు, రాత్రంతా చదివానని. ముఖ్యమైన లైన్ల మీద గీసే పసుపు పెన్నుతో పేజీకి పేజీ నింపేశాడు. తెల్లగా మిగిలిన లైనే లేదు! వాడికి ప్రతి లైనూ ముఖ్యంగానే కనిపించింది. పెద్దవాళ్లలోనూ ఇలాంటిదే చూశారు. 2023లో ప్రచురించిన ఒక పరీక్షలో, ఏ జబ్బూ లేని నలభై మందిని, బరువు దాటకుండా సంచిలో విలువైన వస్తువులు సర్దే లెక్క చేయమన్నారు. ఇలాంటి మందులు వేసుకున్నప్పుడు వాళ్లు ఎక్కువ కష్టపడ్డారు, ఎంపిక మాత్రం నాసిగా వచ్చింది. పైగా పగలు చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే. మీవాడు గోలీ వేసుకుని పోగొట్టుకుంటున్నది ఆ నిద్రనే.

రెండు గోలీలకే మెదడు పాడైపోదు, టెన్షన్ పడకండి. వాణ్ని కొట్టకండి, హాస్టల్‌లో అందరి ముందూ నిలబెట్టకండి. ఎప్పటి నుంచి, ఎన్ని, ఇంకేమైనా కలిపి వేసుకున్నాడా అని కూర్చోబెట్టి అడగండి. ఎనర్జీ డ్రింకుల గురించీ అడగండి, పిల్లలకు తగదని ఆ సీసా మీదే రాసి ఉంటుంది. గుండె దడ, తిండి మానేయడం, వరసగా నిద్ర లేకపోవడం, ఊరికే అనుమానపడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా తీసుకురండి. నిజంగానే చదువు మీద మనసు నిలవడం లేదంటే అది వేరే సంగతి, పరీక్ష చేసి చెప్తాం. రాత్రిపూట మనసుకు సంబంధించి ఏదైనా అయితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

షీటులో ఇంకా ఏడు గోలీలు ఉండాలి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. ఆ షీటును మళ్లీ హాస్టల్‌కు పంపకండి, ఇంట్లో దాచుకోకండి. ఆ రూమ్మేట్ తల్లికి ఫోన్ చేసి ఆమె చేతికే ఇవ్వండి. తన కొడుకు రోజూ వేసుకోవాల్సిన గోలీలు పక్క మంచానికి పోతున్న సంగతి పాపం ఆమెకు తెలిసి ఉండదు.