ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాన్ త్వరగా పూర్తవ్వాలంటే రెవిట్‌కి మారాలా?

డిప్లొమా అయ్యాక ఓ ఇంజినీర్ గారి దగ్గర చేరాననీ, ఆటోక్యాడ్‌లో గ్రౌండ్ ప్లస్ వన్ ఇంటి ప్లాన్‌కి రెండు రోజులు పడుతోందనీ, పక్క సీటాయన పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ప్రింట్ ఇచ్చేస్తున్నాడనీ రాశారు. రెవిట్ (గీతలు కాకుండా ఇంటిని త్రీడీ మోడల్‌గా కట్టే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటే స్పీడ్ వస్తుందా అని అడిగారు. నన్నడిగితే ఇప్పుడే వద్దు. నేనూ ఇళ్ల ప్లాన్ల మీదే బతుకుతున్నాను. మనకి గీయడం కంటే గీసినదాన్ని మార్చడానికే ఎక్కువ టైం పోతుంది.

150 గజాల సైటే అనుకోండి, 30 బై 45, తూర్పు ఫేసింగ్. ఓనర్ సరేనన్నాడని మొత్తం గీసేస్తాం. మర్నాడు వాళ్ల బావగారు చూసి హాలు ఇరుకుగా ఉందంటారు. ఆ తర్వాత సిద్ధాంతి గారొచ్చి మెట్లు ఈశాన్యంలో పడ్డాయి, తీసెయ్యమంటారు. అప్పటికి డోర్లు, కొలతలు, ఫర్నిచర్ అన్నీ పెట్టేసి ఉంటాం. అందుకే గదుల అమరిక వరకూ కాగితం మీద పెన్సిల్‌తో వేసి, సిద్ధాంతి గారికీ ఇంట్లో ఆడవాళ్లకీ ముందే చూపించమని ఓనర్‌కి చెప్పండి. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని పనే, కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ టైం మిగిల్చింది ఇదే.

అయినా మార్పులు ఆగవు. వంటగది గోడ ఒక అడుగు జరపాలన్నారనుకోండి. చాలామంది ఆ గోడ చెరిపేసి, మళ్లీ ఆఫ్‌సెట్ కొట్టి, ట్రిమ్ చేసి, డోర్ తెచ్చి పెడతారు. దానికి బదులు స్ట్రెచ్ కమాండ్ వాడండి. ఎస్ కొట్టి స్పేస్ నొక్కండి, కుడి నుంచి ఎడమకి మౌస్‌తో సెలక్షన్ పెట్టె లాగండి. అప్పుడు ఆకుపచ్చ పెట్టె వస్తుంది. జరగాల్సిన గోడ, దానిలోని డోర్ పూర్తిగా ఆ పెట్టెలో పడాలి. దానికి అడ్డంగా వచ్చి కలిసే గోడలు మాత్రం పెట్టె అంచు దగ్గర తెగాలి. పెట్టెలో పూర్తిగా ఉన్నవి జరుగుతాయి, తెగినవి సాగుతాయి. స్పేస్ నొక్కి, ఎక్కడైనా ఒక చోట క్లిక్ చేసి, ఎఫ్8తో ఆర్థో (అడ్డంగా, నిలువుగా మాత్రమే కదిలే మోడ్) పెట్టుకుని, ఎటు జరపాలో మౌస్ అటు చూపించి, ఒక అడుగు టైప్ చేస్తే చాలు. డైమెన్షన్ (కొలత) లైన్ చివర కూడా పెట్టెలో పడితే అంకె తనంతట తనే మారుతుంది.

ఇది పనిచేయాలంటే డైమెన్షన్ మీద చేత్తో అంకె టైప్ చేసే అలవాటు మానాలి. గీత పది అడుగుల రెండంగుళాలు వచ్చిందని దాని మీద పది అడుగులని రాసేస్తే, ఆ తర్వాత గోడ ఎటు జరిపినా ఆ అంకె అలాగే కూర్చుంటుంది. సైట్‌లో మేస్త్రీ ఆ అంకె చూసే ముగ్గు పోయిస్తాడు. గీతనే సరిచెయ్యండి.

ఇక టెంప్లేట్. లేయర్లు (గోడలు, డోర్లు, కొలతలు విడివిడిగా ఉంచే పొరలు), డైమెన్షన్ స్టైల్, టైటిల్ బ్లాక్ (షీటు మీద పేరు, వివరాల పట్టీ), ప్రింట్ సెట్టింగ్ ప్రతి ప్లాన్‌కీ కొత్తగా పెడుతుంటే అక్కడే గంట పోతుంది. అన్నీ ఒకసారి సరిగ్గా పెట్టి డీడబ్ల్యూటీ (ఆటోక్యాడ్ టెంప్లేట్) ఫైలుగా సేవ్ చేసి, ప్రతి పనీ దానిలోంచే మొదలుపెట్టండి. డోర్ని డైనమిక్ బ్లాక్‌గా (సైజు, దిశ మార్చుకోగల రెడీమేడ్ బొమ్మగా) చేసుకోండి: రెండున్నర, మూడు, మూడున్నర అడుగుల సైజులు ఒక్క బ్లాక్‌లోనే, తలుపు ఎటు తెరుచుకోవాలో తిప్పడానికి ఒక్క క్లిక్. మెట్లు కూడా అంతే. పదడుగుల ఎత్తుకి ఆరంగుళాల చొప్పున ఇరవై రైజర్లు (మెట్టు ఎత్తులు). మధ్యలో ల్యాండింగ్‌తో రెండు వరసలుగా చేస్తే వరసకి పది రైజర్లు, పదోది ల్యాండింగ్ మీదికే కాబట్టి తొమ్మిది మెట్లు, పదంగుళాల ట్రెడ్‌తో (అడుగు పెట్టే వెడల్పు) ఏడున్నర అడుగుల పొడవు. ప్రతి ఇంట్లో దాదాపు ఇదే అయినప్పుడు ప్రతిసారీ గీతలు లెక్కపెడుతూ కూర్చోవడం దేనికి?

షార్ట్‌కట్‌ల గురించి యూట్యూబ్‌లో చెప్పేంత గొప్ప లేదు గానీ, ఒకటి మాత్రం చేయండి. సి కొడితే సర్కిల్ వస్తుంది. ఇంటి ప్లాన్‌లో సర్కిళ్లు ఎన్నుంటాయి? మేం సి అంటే కాపీ అని మార్చుకున్నాం. మేనేజ్ ట్యాబ్‌లో ఎడిట్ ఎలియాసెస్ (కమాండ్ల పొట్టి పేర్లు మార్చే చోటు) ఉంటుంది, అక్కడ మార్చుకుని, ఆ మార్పు అమలయ్యేందుకు రీఇనిట్ కమాండ్ కొట్టాలి. ఎడమ చేయి కీబోర్డ్ మీద, కుడి చేయి మౌస్ మీద ఉండాలి. ఎంటర్ కోసం చేయి చాచొద్దు, స్పేస్ బార్ అదే పని చేస్తుంది.

ఫస్ట్ ఫ్లోర్ కోసం గ్రౌండ్ ఫ్లోర్‌ని పక్కకి కాపీ చేసి మార్చుకోవడం అందరూ చేసేదే. కానీ కింద కాలమ్ జరిగితే పైన జరగదు, స్లాబ్ నాటికి గొడవ. గ్రౌండ్ ఫ్లోర్‌ని ఎక్స్‌రెఫ్‌గా (కాపీ కాకుండా, అసలు ఫైలుకి లింకుగా) తెచ్చి దాని మీద గీయండి. కింద మార్చి సేవ్ చేసి, పై ఫైలులో రీలోడ్ కొడితే కొత్త కాలమ్ కనిపిస్తుంది.

ఇంటి పర్మిషన్ కోసం ఇచ్చే డ్రాయింగ్ ఎప్పుడూ వేరే ఫైలుగా ఉంచండి. మనం అడుగులూ అంగుళాల్లో గీస్తాం, అక్కడ మీటర్లు కావాలి. కాబట్టి కాపీ తీసుకుని 0.0254తో (ఒక అంగుళం అంటే అన్ని మీటర్లు) స్కేల్ చేయాలి. అక్కడ గది హద్దులు మూసుకున్న పాలీలైన్లుగా (ముక్కలు కాకుండా ఒకే గీతగా) ఉంటేనే పని సాఫీగా సాగుతుంది. బీఓ కొట్టి గది మధ్యలో క్లిక్ చేస్తే బౌండరీ దానంతటదే వస్తుంది. రాకపోతే హద్దులో ఎక్కడో గీతలు కలవలేదని అర్థం.

రెవిట్ సంగతి. త్రీడీ ఎలివేషన్, సెక్షన్లు, క్వాంటిటీలు అన్నీ ఒకే మోడల్‌లోంచి తీయాల్సిన పెద్ద పనులు మీ ఆఫీసుకి వస్తుంటే తప్పకుండా నేర్చుకోండి. ఇంటి ప్లాన్లే అయితే, మీకు సరిపడే తలుపులూ కిటికీల ఫ్యామిలీలు (రెవిట్‌లో వాడే రెడీమేడ్ నమూనాలు) తయారయ్యేవరకూ అందులో ఇంకా నెమ్మదిగానే సాగుతుంది. ముందు టెంప్లేట్, డోర్ బ్లాక్ చేసుకుని రెండు మూడు ప్లాన్లు వేసి చూడండి. సీనియర్ల పాత ఫైలు కాపీ చేసి మొదలుపెడుతుంటే మాత్రం, తెరవగానే పర్జ్ (వాడని లేయర్లు, బ్లాకులు తీసేది), ఓవర్‌కిల్ (ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు తీసేది) కొట్టి చెత్త తీసేయండి. లేకపోతే ఎన్నో ఇళ్ల లేయర్లు, బ్లాకులు మీ ఫైలులోకీ వచ్చేస్తాయి.