చూసి రాస్తాడు, చదవలేడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఇంటి వద్ద కుట్టుపని చేసుకుంటూ, సాయంత్రం పూట కూలికి వెళ్లే వాళ్ల పిల్లలు ఏడుగురికి ఫీజు లేకుండా చదువు చెప్తున్నాను. వారిలో నాలుగో తరగతి బాబు ఒకడు బోర్డు మీది పాఠాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో దింపుతాడు గానీ, తాను రాసిందే చదవమంటే తల వంచుకుంటాడు. మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టాలా? - ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. వచ్చిన అక్షరాలనే మళ్లీ దిద్దిస్తే పిల్లవాడికి విసుగు తప్ప మిగిలేది లేదు. (చక్కని చేతిరాత మన బళ్లలో ఎన్నో లోపాలను కప్పిపుచ్చుతూ వచ్చింది.) ముందుగా ఒక కాగితం మీద విడి అక్షరాలు, 'తల, పలక' వంటి మాటలు, గుణింతాల మాటలు, ఒత్తుల మాటలు, ఒక చిన్న వాక్యం వరుసగా రాసి, మిగతా పిల్లలు లేనప్పుడు చదివించి, ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. ఏడుగురినీ ఇలాగే చూసి, తరగతిని బట్టి కాక ఆగిన చోటును బట్టి జట్లు చేయండి. తెలంగాణ ప్రభుత్వ బళ్లలో 2022 నుంచి 'తొలిమెట్టు' కార్యక్రమం కింద చదవడం, రాయడం, లెక్కల మీద ప్రత్యేకంగా పని జరుగుతోంది కనుక, వాళ్ల టీచరును కూడా ఒకసారి అడగండి.

ఈ వయసులో చాలామంది ఆగేది ఒత్తుల దగ్గరే. 'బుగ్గ, గడ్డ, పచ్చ' వంటి మాటల్లో తలకట్టు తీసేసిన అక్షరమే కింద చేరుతుంది కాబట్టి పిల్లవాడు గుర్తుపడతాడు. 'పత్తి, అమ్మ, పల్లె' మాటల్లో కింద ఉన్న ఒత్తుకు పై అక్షరంతో పోలికే ఉండదు. అందుకని మొదటి రకం బాగా వచ్చాకే రెండోది, ఆ తర్వాతే 'పుస్తకం, వర్షం' వంటివి చెప్పండి.

పాఠం కన్నా ముందు అతని మాటనే చదివించండి. ఈ రోజు ఏం జరిగిందని అడిగితే, "మా అమ్మ పత్తి ఏరవోయింది, నేను తమ్ముణ్ణి ఆడించిన" అంటాడనుకోండి. దిద్దకుండా, అన్నది అన్నట్టే పెద్ద అక్షరాలతో రాసి, వేలు పెట్టి చదవమనండి. ఆ వాక్యంలో మ, త, ణ ఒత్తులు మూడూ ఉన్నా, తాను చెప్పిందే కనుక భయపడడు.

ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లల సంగతి కొంత వేరు. 'ఉడుత' అని సరిగ్గానే కూడబలుక్కున్నా అదేమిటో తెలియకపోవచ్చు. అది చదువు లోపం కాదు, ఆ తెలుగు మాట వినకపోవడమే. కథను ముందు వాళ్ల భాషలో చెప్పించి, తర్వాత తెలుగులో చదివించండి.

ఆదివారం రెండు గంటల కన్నా రోజూ పావుగంట మేలు. తల్లికి చదువు రాకపోయినా, కొడుకు చదువుతుంటే పక్కన కూర్చొని "తర్వాతేమైంది?" అని అడగగలదు. రెండు నెలలకు అలాంటి కాగితమే మళ్లీ చదివించండి. అప్పటికీ విడి అక్షరాల దగ్గరే తడబడితే, తల్లిదండ్రులతో, టీచరుతో మాట్లాడి మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) చూపించండి.