బెంగళూరులో ప్రీస్కూల్ టీచర్‌గా లెక్కలు, సైన్స్ చెప్పాలంటే బీఎస్సీ చదివి ఉండాలా?

అక్కర్లేదు, కావాల్సింది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎలా ఆలోచిస్తారో నేర్పే శిక్షణ. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇంటర్ (బెంగళూరులో పీయూసీ) చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. సైన్స్ గ్రూపే ఉండాలనలేదు.

కారణం ఏంటంటే, ఈ వయసులో కష్టం పాఠంలో ఉండదు, పిల్లల ఆలోచన పట్టుకోవడంలో ఉంటుంది. ఆరేసి చింతగింజలు రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసలో గింజలను ఎడం ఎడంగా జరపండి. నాలుగేళ్ల పాప చాలాసార్లు ఆ పొడవైన వరుస చూపించి 'ఇందులోనే ఎక్కువున్నాయి' అంటుంది, లెక్కపెట్టడం వచ్చినా సరే! శిక్షణ లేని టీచర్ 'తప్పు' అని దిద్దేస్తారు. శిక్షణ ఉన్నవాళ్లు 'ఎందుకలా అనిపించింది?' అని అడిగి, గింజకు గింజ జతపెట్టి చూడమంటారు. సైన్సూ అంతే: ఏది మునుగుతుందో ముందు ఊహించి, తర్వాత నీళ్లలో వేసి చూడటం.

వంద దాకా అంకెలు గడగడా చెప్తే లెక్కలు వచ్చేసినట్టే అని చాలామంది తల్లిదండ్రులు మురిసిపోతారు. అది కంఠస్థం మాత్రమే. అలా చెప్పే పిల్లల్లోనే కొందరు, ఏడు గింజలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తారు.