బాగుందా, బావుందా?

సందేహం: చదివిన పుస్తకం, చూసిన సినిమా, విన్న పాట గురించి ఫోనులో నాలుగు వాక్యాలు రాసి బంధుమిత్రులకు పంపడం నాకు అలవాటు. మొన్న ఇలా రాశాను: "ఈ నవల చాలా అద్భుతంగా ఉంది. ముగింపును నేను బాగా ఇష్టపడ్డాను. దీన్నే సినిమాగా తీశారు, సినిమా ఫర్వాలేదు. పాటలు మాత్రం బావున్నాయి." మా పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. 'బావున్నాయి' గ్రామ్యమనీ, 'బాగున్నవి' అని రాయాలనీ, 'చాలా అద్భుతం' అనకూడదనీ చెప్పారు. మిగిలిన రెండు వాక్యాల జోలికి పోలేదు. ఆయన చెప్పినట్టు దిద్దుకోవాలా?

సమాధానం: ముందుగా మీ పెదనాన్నగారికి నమస్కారాలు. ఫోనులో వచ్చిన నాలుగు వాక్యాలను కూడా దిద్దే ఓపిక ఉన్న పెద్దవారు ఇంట్లో ఉండటం మీ అదృష్టం. అయితే ఆయన ఎర్రసిరా పడిన మొదటి చోట తప్పు లేదు, రెండో చోట సగమే ఉంది. తప్పున్న చోట అసలు పడనే లేదు.

'బాగు' అనేది నామవాచకం. దానికి 'ఉన్నది' చేరితే, చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో చెప్పిన "ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు" అనే సూత్రం ప్రకారం 'బాగున్నది' అవుతుంది. ఇంతవరకు పండితులవారి లెక్క సరైనదే. అయితే 'ఉన్నది' నోట్లో నలిగి 'ఉంది' అయింది, 'ఉన్నవి' 'ఉన్నాయి' అయింది. ఈ రూపాలను ఇప్పుడు పత్రికలూ పాఠ్యపుస్తకాలూ నిస్సంకోచంగా వాడుతున్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు అంత పోరాడింది ఇలాంటి మాటలకు కాగితం మీద చోటు ఇప్పించడానికే. కాబట్టి 'బాగున్నవి' అని రాయవచ్చు గాని, అలాగే రాయాలని పట్టుబట్టడానికి కారణం లేదు.

ఇక గకారం వకారం కావడం. ఇది నిన్నమొన్న ఎవరో బద్ధకించి తెచ్చిన మార్పు కాదు. తెలుగులో గ, వ ఇరుగుపొరుగు అక్షరాలు, గోడ దూకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. తీగ, తీవ. చిగురు, చివురు. ఇగురు, ఇవురు. పగలు, పవలు. అగును, అవును. ఈ జంటల్లో రెండేసి రూపాలనూ కవులు వాడారు. 'చివురు' అని రాసిన కవిని ఎవరూ గ్రామ్యుడనలేదు. ఇంకో తమాషా కూడా చూడండి. పగలును తమిళులు 'పగల్' అంటారు, కనుక అక్కడ గకారమే పాతది, మన 'పవలు' తరువాతది. పగడానికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. సంస్కృతంలో అది ప్రవాళం, తమిళంలో పవళం. అంటే అక్కడ వకారమే పాతది, మనం నిత్యం వాడే 'పగడం'లో గకారమే కొత్త కోడలు. అది గ్రామ్యమని ఎవరూ మెడలోంచి తీసేయలేదు.

పైగా 'ఏం బావుకున్నావు?' అని మీ పెదనాన్నగారు కూడా ఎప్పుడో ఒకసారి ఎవరినో అడిగే ఉంటారు. అందులో ఉన్నదీ ఈ 'బాగే' అని నా నమ్మకం. అక్కడ గకారం కోసం ఎవరూ వెతకరు.

అయినా నన్నడిగితే, రాసేటప్పుడు 'బాగున్నాయి' వైపే మొగ్గుతాను. వ్యాకరణం కోసం కాదు, బంధుత్వం కోసం. బాగుపడు, బాగుచేయు, బాగు కోరు – వీటన్నిటిలోనూ గకారం కనిపిస్తూ ఉంటే కుటుంబమంతా ఒక్కచోట ఉన్నట్టుంటుంది. ఈ కుటుంబంలో మరచిపోయిన ఒక మాటను కూడా మీకు గుర్తుచేయాలి: బాగోగులు. ఇందులో బాగు సరే, రెండో సగం 'ఓగు'. ఓగు అంటే చెడు, కీడు. బాగూ ఓగూ కలిస్తే బాగోగులు. ఇప్పుడు మనం ఈ మాటను 'పిల్లల బాగోగులు చూసుకోవడం' దగ్గరే ఆపేశాం. పుస్తకంలో మంచిదేదో, చెడ్డదేదో చూసి చెప్పే మీ పనికి ఇంతకంటే అతికే తెలుగు మాట నాకు తోచదు. 'సమీక్ష' అన్న బరువైన మాట మోయలేనప్పుడు 'ఈ నవల బాగోగులు' అని రాసి చూడండి. బంధువుల్లో ఒకరిద్దరైనా ఉలిక్కిపడతారు.

మాటలో మాట, 'బాగుంది', 'బాగా ఉంది' ఒకటే అనుకుంటారు చాలామంది. 'ఎండ బాగుంది' అంటే చలికాలం పొద్దున వీపు కాచుకుంటూ అన్న మాట. 'ఎండ బాగా ఉంది' అంటే గొడుగు తీసుకువెళ్లమని. 'బాగుగా' కుదించుకుపోయి 'బాగా' అయింది, దానికి 'ఎక్కువగా' అనే అర్థం కూడా అంటుకుంది. అందుకే ఆయనకు డబ్బు బాగా ఉంటుంది, ఆయన ఇల్లు బాగుంటుంది. లేదని చెప్పేటప్పుడు మాత్రం ఈ తేడా నిలవదు: 'సినిమా బాగా లేదు' అంటే బాగుండలేదనే అర్థం. 'బాగోలేదు' అని నోటితో ఎన్నిసార్లైనా అనండి, రాతలో 'బాగాలేదు' చాలు. 'మంచిగుంది' అనే తెలంగాణ వాడుక కూడా ఇలాంటిదే. అది తప్పని ఎవరైనా అంటే వినకండి. 'మంచి' కూడా 'బాగు'లాగే మన సొంత మాట.

'చాలా అద్భుతం' దగ్గర పెదనాన్నగారితో సగం ఏకీభవిస్తాను. 'చాలు' అనే క్రియ నుంచే 'చాల' వచ్చింది, అదే నేటి 'చాలా'. విస్తట్లో అడ్డుగా చెయ్యి పెట్టి 'చాలు' అనేదీ, 'చాలా తిన్నాను' అని పొట్ట నిమురుకునేదీ ఒకే మాటతో. అద్భుతానికి ఇలాంటి కొలత పనికిరాదన్నది ఆయన వాదన కావచ్చు. నా ఫిర్యాదు అంతకంటే ముందుది. అద్భుతం నవరసాల్లో ఒకటి, దానికి స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, విస్మయం. నోరు తెరుచుకుపోవాలి. మొన్న ఒక పెళ్లిలో నా పక్కన కూర్చున్న యువకుడు ఉప్మాను అద్భుతం అన్నాడు. నేనూ అదే ఉప్మా తిన్నాను. అందులో నాకు విస్మయం కలిగించింది జీడిపప్పు లేకపోవడం ఒక్కటే.

ఇంకొక చిక్కు ఉంది. "విస్మయోऽద్భుతమాశ్చర్యం చిత్రమపి" అని అమరసింహుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం. అంటే అద్భుతమూ చిత్రమూ పర్యాయపదాలు. 'చిత్రం అద్భుతంగా ఉంది' అని రోజూ రాసేవారు, అమరసింహుడి లెక్కలో 'ఆశ్చర్యం ఆశ్చర్యంగా ఉంది' అంటున్నారన్నమాట. (తప్పని అనను. నవ్వు వస్తుందంతే.)

మెచ్చుకోవడానికి మాటలు లేక అద్భుతాన్ని పట్టుకు వేలాడుతున్నామంటే ఒప్పుకోను. మనవాళ్లు పాటలనూ కథలనూ వంటింట్లో తూచారు. పాట కమ్మగా ఉంటుంది, గొంతు తియ్యగా ఉంటుంది, కథ చప్పగా ఉంటుంది, విమర్శ ఘాటుగా ఉంటుంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'రసం' కూడా నాలుక మీదిదే. నవల మిమ్మల్ని నిద్రపోనివ్వలేదా? 'తెల్లవారేదాకా దించలేకపోయాను' అనండి. ఏడిపించిందా? 'కళ్లు తడిశాయి' అనండి. ఏం జరిగిందో చెబితే, అది ఎంత గొప్పదో చదివేవారే తేల్చుకుంటారు. విస్మయమే కలిగిందంటారా, అప్పుడు 'అద్భుతం' అని ఒక్క మాట రాసి ఊరుకోండి. ముందు 'చాలా' అక్కరలేదు.

ఇప్పుడు మీ పెదనాన్నగారు ముట్టుకోని వాక్యం: "ముగింపును నేను బాగా ఇష్టపడ్డాను." సంధి చూసినా, విభక్తి చూసినా, క్రియ చూసినా ఎక్కడా దోషం దొరకదు. అందుకే ఆయన కళ్లు దాటిపోయి ఉంటుంది. కాని చదువుతుంటే చెవిలో ఏదో గుచ్చుకుంటుంది.

'ఇష్టపడు' తప్పు మాట కాదు. పెళ్లిచూపులయ్యాక 'అబ్బాయి అమ్మాయిని ఇష్టపడ్డాడు' అంటాం. 'ఇష్టపడి ఆ ఉద్యోగంలో చేరాడు' అంటాం. రెండు చోట్లా మనిషి మనసుతో ఒక నిర్ణయం చేశాడు, సమ్మతించాడు. మీరు నవల ముగింపును ఇష్టపడ్డారంటే సంబంధం ఖాయం చేసుకున్నట్టుంది. 'ఇష్టపడి చదివాను' అంటే మాత్రం నిక్షేపంలా ఉంటుంది, ఎందుకంటే చదవడం మీరు పూనుకుని చేసిన పని. నచ్చడం మీరు పూనుకుని చేసే పని కాదు. అది మీకు జరుగుతుంది.

తెలుగు వాక్యంలో ఇలా మనిషికి జరిగేవి చాలా ఉన్నాయి. నాకు ఆకలేస్తుంది, నాకు నిద్ర వస్తుంది, నాకు కోపం వచ్చింది, నాకు ఆ పాట గుర్తుంది, నాకు ఆ సంగతి తెలుసు. వీటిలో ఎక్కడా 'నేను' లేను. 'కు' ప్రత్యయం తగిలించుకుని ఒక పక్కన నిలబడి ఉన్నాను. ఆకలి వచ్చింది, కోపం వచ్చింది, నేను వాటికి ఇల్లు మాత్రమే. అలాగే ముగింపు నాకు నచ్చింది. నచ్చే పని ముగింపుది. తమిళులు 'ఎనక్కు పిడిక్కుం' అన్నా, కన్నడిగులు 'ననగె ఇష్ట' అన్నా ఇదే వరస. ఇంగ్లీషులో మెచ్చుకునే మనిషి ముందు నిలబడి క్రియ నడుపుతాడు. బడిలో ఆ వాక్యాలు వేలకొద్దీ చదివి, వాటి నీడను తెలుగు మీద పడనిస్తున్నాం. 'నేను ఈ పాటను ప్రేమిస్తున్నాను' అనేవారు కూడా ఈ మధ్య తగులుతున్నారు. ఆ పాట పెద్దలకు విషయం తెలుసో లేదో.

నచ్చడానికీ ఇష్టానికీ మధ్య ఉన్న సన్నని గీతను కూడా పోగొట్టుకోకండి. 'ఈ పాట నాకు నచ్చింది' అంటే ఇప్పుడు విన్నాను, మనసు పట్టింది. 'ఈ పాట నాకు ఇష్టం' అంటే ఎప్పటినుంచో ఉన్న మక్కువ. కొత్త సినిమా చూసి హాలు బయటికి వస్తూ 'నచ్చింది' అంటాం. 'ఇష్టం' అనడానికి ఆ సినిమా మనతో కొంత కాలం కాపురం చేయాలి.

'నచ్చు'కు పాత తెలుగులో 'నమ్ము' అనే అర్థం కూడా ఉండేది, నచ్చిక అంటే నమ్మిక. ఆ అర్థం పోయిందనుకుంటాం గాని పోలేదు. 'నచ్చజెప్పడం'లో దాక్కుని ఉంది. అలిగిన పిల్లవాడికి నచ్చజెప్పడమంటే వాడికి ఇష్టమయ్యేది చెప్పడం కాదు, వాడు నమ్మేటట్టు చెప్పడం. పుస్తకం మీకు నచ్చిందన్నప్పుడు కూడా, అందులోని మనుషులను మీరు కాసేపు నమ్మారని నేను అర్థం చేసుకుంటాను. మాట చరిత్ర దాకా పోకుండా చదివేవారికి ఇది అక్కరలేని చాదస్తమే అనుకోండి.

చివరిగా 'ఫర్వాలేదు'. దీన్ని 'పర్వాలేదు' అని దిద్దుకోండి, 'పరవాలేదు' అన్నా సరే. పారసీలో 'పర్వా' అంటే చింత, లక్ష్యం. ఉర్దూలో 'బేపర్వా' అంటే దేన్నీ లెక్కచేయనివాడు. మూలంలో ఉన్నది పకారమే. తమిళుల 'పరవాయిల్లై'లోనూ పకారమే ఉంది. మనకు ఫకారం ఎలా వచ్చిందంటే నా ఊహ ఇది: ఫిర్యాదు, ఫర్మానా, ఫౌజు వంటి మాటలు అదే దారిన వచ్చాయి, వాటిలో ఫకారం న్యాయంగా ఉంది. పరాయి మాట కదా, దీనికీ ఆ ఫకారం తొడిగితే హుందాగా ఉంటుందని ఎవరో అనుకున్నారు. 'పరదా' కూడా పారసీ మాటే, దాన్ని మాత్రం ఎవరూ ఫరదా అనలేదు.

అర్థం విషయంలో ఈ మాట చేసిన ప్రయాణం సరదాగా ఉంటుంది. మొదట 'చింత లేదు' అని ధైర్యం చెప్పడానికి వచ్చింది. కాలు తొక్కినవాడు నొచ్చుకుంటే 'పర్వాలేదు' అన్నాం. జ్వరం తగ్గినవాడు 'ఇప్పుడు పర్వాలేదు' అన్నాడు. అక్కడినుంచి సినిమా హాలుకు వచ్చి, బాగుందీ కాదు, బాగాలేదూ కాదు, టికెట్టు డబ్బుకు ఏడవనక్కరలేదనే తీర్పుగా స్థిరపడింది. అయితే దీన్ని రాతలో చదివితే సగమే తెలుస్తుంది. పెదవి విరిచి అంటే సినిమా తేలిపోయిందని. తల ఊపుతూ సాగదీసి అంటే అనుకున్నదానికంటే మెరుగని. కనుబొమలు పైకెత్తి 'పర్వాలేదే!' అంటే అది మెప్పు. మీరు రాసిన 'సినిమా ఫర్వాలేదు' ఈ మూడింటిలో ఏదో నాకు తెలియలేదు. ఇంకొక వాక్యం చేర్చి ఉంటే తెలిసేది.

ఈ సమాధానాన్ని పెదనాన్నగారికి చూపించండి. ఆయన చదివి 'పర్వాలేదు' అంటే, ఏ కనుబొమతో అన్నారో గమనించి నాకు రాయండి.