దోషమా, తప్పా? సాధనా, సమాధానమా?

సందేహం: సాంఖ్యక శాస్త్ర వ్యాసంలో, రెండు చలరాశుల కొలతల్లోనూ అసలు విలువల నుంచి తేడా ఉన్నప్పుడు వచ్చే ఫలితాన్ని 'తప్పు చలరాశుల సమాధానాల సమితి' అని రాశాను. మిత్రులు ఒప్పుకోలేదు. ఏమనాలి?

సమాధానం: మిత్రుల అభ్యంతరం సబబే. 'తప్పు చలరాశులు' అంటే ఎంచుకున్న చలరాశులే సరికావన్న అర్థం వస్తుంది. తప్పు, పొరపాటు అన్నప్పుడు అది చేసిన మనిషి కూడా వెంట వస్తాడు. ఇక్కడ మనిషి పాత్ర లేదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు 'శాత దోషం', 'సాపేక్ష దోషం' అని వాడే దోషమే తగిన మాట. అంగడివాళ్ల 'పాసంగం' నాకు ఇష్టమైన మాటే గాని, పాసంగమున్న త్రాసు ఎప్పుడూ ఒకే తట్టవైపు మొగ్గుతుంది, ఈ దోషమేమో అటూ ఇటూ ఊగుతుంది. సమాసం కావాలంటే 'దోషయుక్త చలరాశులు' అనండి. 'దోషచలరాశులు' అంటే దోషాలే చలరాశులని కూడా విగ్రహవాక్యం చెప్పవచ్చు.

ప్రశ్నకు సమాధానం, తగాదాకు పరిష్కారం, సమీకరణానికి సాధన. 'విద్యార్థి సంఘం'లో విద్యార్థి ఒక్కడే కానట్టు, 'సాధన సమితి'లో సాధన ఒక్కటే కానక్కరలేదు.

అసలు చిక్కు మీరు అడగని చోట, విభక్తుల దగ్గర ఉంది. రెండు కొలతల్లోనూ దోషమున్నప్పుడు చలరాశులను కలిపే సరళరేఖను వెతకడానికి నార్వే ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ 1934లో వివరించిన పద్ధతినే తీసుకుందాం. దోషాలకు తమలో తమకు గానీ అసలు విలువలతో గానీ సహసంబంధం లేదనుకుని, కొలతల విస్తృతులు (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్యలు) 4, 9 అనీ, సహవిస్తృతి (రెండూ కలిసి ఎంత మారుతున్నాయో చెప్పే సంఖ్య) 3 అనీ అనుకుంటే, మొదటి చలరాశి దోషం సున్నా అయినప్పుడు ఆ రేఖ వాలు 3/4, అంటే 0.75, రెండోదాని దోషం సున్నా అయినప్పుడు 9/3, అంటే 3. ఇవి మామూలు ప్రతిగమన రేఖల, అంటే ఒక చలరాశి నుంచి మరొకదాన్ని అంచనా వేసే రేఖల, వాలులే. 'వాలు 0.75కూ 3కూ మధ్య ఉంటుంది' అని రాస్తే కొసలు రెండూ జారిపోతాయి, పైగా వెతికితే ఒకే విలువ దొరుకుతుందన్న భ్రమ కలుగుతుంది. '0.75 నుంచి 3 వరకు, కొసలతో సహా, ప్రతి వాలూ సాధనే' అన్నప్పుడే ఆ సమితి రేఖాఖండమని పాఠకుడికి తెలుస్తుంది.

చలరాశులు మూడైతే, విస్తృతులనూ సహవిస్తృతులనూ పట్టికగా పేర్చిన సహవిస్తృతి మాత్రిక విలోమంలోని మూలకాలన్నీ ధనాత్మకమైనప్పుడు, మూడు ప్రతిగమన సాధనలు శీర్షాలుగా త్రిభుజం ఏర్పడుతుంది. అక్కడ ఉత్త 'త్రిభుజం' అంటే మూడు గీతలే గుర్తుకొస్తాయి గనుక, 'అంచులతో కూడిన త్రిభుజాకార ప్రాంతం' అని రాయండి.