చంటిదానితో ప్రయాణం కట్టే ముందు

అమ్మడూ,

శని, ఆదివారాలు పిల్లలిద్దర్నీ కార్లో వేసుకుని బయల్దేరుతున్నామని నువ్వు ఫోన్లో చెప్పినప్పటినుంచీ నా మనసు మీ వెంటే తిరుగుతోంది. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కాస్త పెద్దవాళ్లయ్యాక చూద్దాంలే అనుకుంటూ కూర్చుంటే, వాళ్లకి మనతో రావడానికే తీరిక లేని వయసు వచ్చేస్తుంది. కాకపోతే నువ్వు చెప్పిన లెక్క ఒక్కటే నాకు మింగుడుపడలేదు. పోను 350 కిలోమీటర్లన్నావు. దాన్ని సగానికి తగ్గించు తల్లీ.

మ్యాపులో 6 గంటలని చూపించేది ఎక్కడా ఆగకుండా నడిపితేనే. పది నెలల పిల్లా, నాలుగేళ్ల పిల్లాడూ ఉన్న కారు అలా నడవదు. పాలు, డైపరు, ఒంటికి, రెంటికి, ఊరికే వచ్చే ఏడుపు, అన్నీ కలిసి ఆ ఆరు గంటలు తొమ్మిదవుతాయి. పైగా చంటిపిల్లల్ని వాళ్లకోసం కార్లో బిగించే పిల్లల సీట్లో ఏకబిగిన 2 గంటలకు మించి ఉంచకూడదు. ఆ ఒంపులో తల ముందుకి వాలిపోయి ఊపిరాడే దారి ఒత్తుకుపోవచ్చు. కాబట్టి రెండు గంటలకోసారి దాన్ని బయటికి తీసి, ఎక్కడైనా దుప్పటి పరిచి కాసేపు పడుకోబెట్టాల్సిందే. అదంతా లెక్కేసుకుంటే రెండు రోజులకి మూడు గంటల దారే ఎక్కువ.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మీ పెదనాన్నా నేనూ ఆ తప్పు చేశాం. అప్పుడు మీ అన్నయ్యకి అయిదేళ్లు. చీకటి పడేలోగా చేరిపోవాలని కొండదారిలో ఆగకుండా పోతున్నాం. వెనకనుంచి వాడు “అమ్మా, నోట్లో నీళ్లూరుతున్నాయి” అన్నాడు. “ఇంకో పది నిమిషాలు ఓర్చుకో నాన్నా” అన్నాను. వాడు రెండుసార్లు ఆవులించాడు. మూతి చుట్టూ తెల్లగా పాలిపోయింది, నుదుటి మీద చిరుచెమట. మూడు నిమిషాలు కూడా గడవలేదు, చొక్కా మీద, సీటు మీద, బెల్టు బకిల్ సందుల్లోకి కూడా వాంతి చేసుకున్నాడు. మార్చడానికి బట్టలన్నీ డిక్కీలో అట్టడుగు పెట్టెలో ఉన్నాయి. బయట వాన. వాడు ఏడవలేదే, నా మొహం చూసి “సారీ అమ్మా” అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. అయిదేళ్లవాడు తన ఒంటికి బాగాలేదని నాకు క్షమాపణ చెప్పుకోవాల్సిన ప్రయాణం అది.

ఈ కడుపు తిప్పడం రెండేళ్ల లోపు పిల్లలకి చాలా అరుదు. రెండునుంచి పన్నెండేళ్ల మధ్యే ఎక్కువ. అంటే చంటిదాని సంగతి ఎలా ఉన్నా, మీ పెద్దాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. చెవి లోపలి భాగం కారు కదులుతోందని చెప్తుంది. కళ్లేమో ఎదుటి సీటునో బొమ్మల పుస్తకాన్నో చూస్తూ కదలడం లేదంటాయి. ఆ రెండు కబుర్లకీ పొత్తు కుదరకే వికారం. అందుకే ఫోను చేతికివ్వకు, ముఖ్యంగా మలుపుల దారిలో. ముందున్న దారిని, దూరంగా ఉన్న చెట్లని, కొండల్ని చూపిస్తూ కబుర్లు చెప్పు. కడుపు మాడ్చొద్దు, అలాగని బిర్రుగా పెట్టొద్దు. ఆవులింతలు, నోట్లో నీళ్లూరడం, ఉన్నట్టుండి మాట మానెయ్యడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే కిటికీ అద్దం దించండి, చోటు చూసుకుని ఆపండి. వాడు చెప్పినప్పుడు నమ్ము. ఒక జత బట్టలు, రెండు ప్లాస్టిక్ కవర్లు, చిన్న తువ్వాలు, నీళ్ల సీసా నీ కాళ్ల దగ్గరి సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు. మందు కావాలంటే డాక్టర్ని అడిగి తీసుకో. దారిలో నిద్రపోతారని ఎవరైనా ఏదైనా మందు పట్టమంటే మాత్రం చచ్చినా పట్టొద్దు.

ఇక సీటు సంగతి. ఇందులో నేను ఎవరి మాటా వినను. చంటిదాని సీటు వెనక్కి తిరిగే ఉండాలి, కనీసం రెండేళ్లు నిండేదాకా. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఆ సీటు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పట్టీలు వెనక్కి తిరిగిన సీటులో భుజాల ఎత్తులోనో కొంచెం కిందనుంచో రావాలి; మీ పెద్దాడిలా ముందుకు కూర్చునేవాడికి భుజాల ఎత్తులోనో కొంచెం పైనుంచో రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని చూడు. మడత వేళ్లకి చిక్కిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. లావుపాటి స్వెట్టరు వేసి బిగిస్తే బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ ఆ మందమంతా గుద్దుకున్నప్పుడు నలిగిపోయి పట్టీ వదులైపోతుంది. పల్చటి బట్టలతో బిగించి, పైన దుప్పటి కప్పు.

అది గుక్కపట్టి ఏడుస్తుంది. నీ గుండె ఆగదు, ఒళ్లోకి తీసుకుందామనిపిస్తుంది. తీసుకో, కానీ కారు ఆగాక. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే 9 కిలోల పిల్ల ఆ క్షణంలో ఇంచుమించు 200 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులూ దాన్ని పట్టి ఆపలేవు.

రాత్రిపూట బయల్దేరితే పిల్లలు హాయిగా నిద్రపోతారని అల్లుడు అన్నాడట. పిల్లలు నిద్రపోతారు సరే, నడిపేవాడి కళ్లు కూడా అప్పుడే మూతలు పడతాయి. అర్ధరాత్రినుంచి తెల్లారేదాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకటి రెండు గంటలు, ఒళ్లు నిద్రకోసం లాగే వేళలు. 90 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు రెప్పవాలితే కారు 100 మీటర్లు ఎవరూ నడపకుండా పోయినట్టే. ముందురోజు అతన్ని తొందరగా పడుకోనివ్వు, సామాన్లు నువ్వు సర్దకపోయినా ఫరవాలేదు. పొద్దున్నే లేచి, చంటిదాని మొదటి కునుకు దారిలో పడేలా బయల్దేరండి. టైర్లలో గాలి బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూసుకోమను. స్టెప్నీ గాలి కూడా.

ఆగినప్పుడల్లా ఓ ఇరవై నిమిషాలు పెద్దాణ్ణి పరుగెత్తనివ్వు, రోడ్డు పక్కన కాదు, బళ్లు రాని చోట. గోరంత రాయి ఏరుకొచ్చి చూపిస్తే చూడు. తినేది ఏదైనా ఆగినప్పుడే పెట్టు. ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు ముక్కలు చేసే ఇవ్వు. పల్లీల్లాంటి గట్టి గింజలు అసలు వద్దు. నడుస్తున్న బండిలో గొంతుకడ్డం పడితే వెనక్కి తిరిగి చూసేలోపే ఆలస్యమైపోతుంది. ఇంకొకటి, నిద్రపోతున్నారు కదా, రెండు నిమిషాల్లో వచ్చేస్తాం అని పిల్లల్ని కార్లో వదిలి దిగొద్దు. ఎండలో నిలిపిన కారులో 20 నిమిషాలకే 10 డిగ్రీలకు పైగా వేడి పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్దగా తగ్గదు. పెద్దవాళ్లకన్నా పిల్లల ఒళ్లు ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

అక్కడికి చేరాక చూడాల్సినవి అయిదారు రాసుకున్నావట. ఒక్కటి పెట్టుకో. ఆదివారం మధ్యాహ్నానికే తిరుగు ముఖం పట్టండి.

శుక్రవారం సాయంత్రం చంటిదాన్ని సీట్లో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, పక్కనుంచి ఒకటి, ఎదరనుంచి ఒకటి ఫొటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా బయల్దేరొద్దు.

నీ
పెద్దమ్మ